ఇల్లుండీ హోటల్లో తినేవాళ్లు

మా వీధి చివర కొత్తగా లేచిన లాడ్జికి మేనేజరుగా ఒక అబ్బాయి వచ్చాడు. హోటలు పని కాలేజీలో చదువుకుని వచ్చాడట. మెడలో టై, జేబులో రెండు పెన్నులు. నేను ఒకప్పుడు ఆ పనే చేసినవాణ్ణని ఎవరో చెప్పినట్టున్నారు. ఒక సాయంత్రం వచ్చి కూర్చుని, "సార్, ఇన్నేళ్లు చేశారు గదా, మీకు మీ ఉద్యోగంలో తృప్తి ఉండిందా?" అని అడిగాడు.

తృప్తి అనే మాటను నేను వాడినంతగా ఇంకెవరూ వాడి ఉండరు. గల్లాపెట్టె వెనక కూర్చుని, చేయి తుడుచుకుంటూ వచ్చే ప్రతి మనిషినీ "తృప్తిగా తిన్నారా?" అని అడగడమే నా బతుకు. అందరికీ వడ్డించిన మాటే గానీ, నా విస్తట్లో ఎవరూ వేసింది కాదు. ఆ అబ్బాయికి మజ్జిగ ఇచ్చి పంపించాను. జవాబు మాత్రం ఇవ్వలేకపోయాను.

ఇది ఆ జవాబు. కాస్త పొడుగైంది. హోటలు పనిలోకి వచ్చే పిల్లలు చదువుతారని రాస్తున్నాను. చదవకపోయినా, కాగితం పొట్లాలు కట్టుకోవడానికి పనికొస్తుంది.

మేనికి జర

ఎప్పుడు చేరాను, ఎంత జీతం, ఎప్పుడు పెరిగింది అనేవి రాయను. జీతం ఎప్పుడు పెరిగిందో నాకే గుర్తులేదు. పెరిగి ఉంటే గుర్తుండేది.

మేనేజరు అనేది ఇంగ్లీషు మాట అంటారు. నేను దాన్ని తెలుగు మాటగానే అర్థం చేసుకున్నాను. మేనికి జర తెచ్చే పని కాబట్టి మేనేజరు. నాకు ముసలితనం మొదట మోకాళ్లలోకి వచ్చింది, తర్వాత నవ్వులోకి వచ్చింది, తలలోకి వచ్చింది ఆఖర్న. ఇప్పుడు కాలేజీల్లో నవ్వడం కూడా నేర్పుతున్నారని విన్నాను. మంచిదే. మాకు నేర్పినవాళ్లు లేరు. పొద్దున గల్లా తాళంతో పాటు నవ్వూ తీసి, రాత్రి రెండూ మూసేవాళ్లం.

నాకు పని నేర్పింది అనంతయ్య. ఉడిపి వైపు నుంచి ప్రొద్దుటూరు వచ్చి హోటలు పెట్టినవాడు. ఊరంతా ఆయన్ని స్వామి అనేది. పత్తి వ్యాపారులు, నూనె మిల్లుల వాళ్లు, బంగారం అంగళ్ల వాళ్లు, అందరూ ఆయన కాఫీ తాగనిదే అంగడి తీసేవాళ్లు కాదు. మంచి పనివాడు, చేయి బిగువు మనిషి. సెలవు అనే మాటకు పాత తెలుగులో ఖర్చు అనే అర్థం కూడా ఉంది. స్వామికి ఆ ఒక్క అర్థమే తెలుసు.

ఆయన నేర్పిన మొదటి పాఠం గల్లా గురించి కాదు. తిని లేచినవాళ్ల విస్తళ్లు ఎత్తే చోట నన్ను నిలబెట్టాడు.

"గల్లా యెవడైనా చూస్తాడప్పా. నువ్వు ఆకు చూడు. నోరు మొహమాటానికి బాగుండాదంటాది. ఆకుకు మొహమాటం లేదు."

అట్లా ఆకులు చదవడం నేర్చుకున్నాను. కూర మిగిలితే వంటమనిషిని పిలవాలి. మజ్జిగన్నం మిగిలితే తోడు వేసినవాణ్ణి పిలవాలి. అన్నీ మిగిలిస్తే ఎవర్నీ పిలవకూడదు, ఆ తిన్న మనిషికే ఏదో కష్టం వచ్చి ఉంటుంది.

రెండో పాఠం, మేనేజరు అందరికన్నా ఆఖర్న తినాలి, మిగిలిందే తినాలి. ఏది ఎవరికీ నచ్చలేదో అప్పుడే మన నాలుకకు తెలుస్తుందని ఆయన వాదన. కాదనలేం. ఆ వాదన పుణ్యాన నేను ఏళ్ల తరబడి, ప్రొద్దుటూరులో ఎవరికీ నచ్చని కూరలు తిని బతికాను. మా ఇల్లు హోటలుకు దగ్గరే. అయినా మధ్యాహ్నం ఇంటికి పోయింది లేదు. ఊరంతా తినే వేళే మాకు పని వేళ. గల్లా నిండేకొద్దీ ఒళ్లు గుల్ల.

నీళ్లకు దుడ్లు తీసుకోని ఇల్లు

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కొత్తల్లో, స్వామికి పులివెందులలో బ్రాంచి పెట్టాలని పుట్టింది. కడప బస్సులు, కదిరి బస్సులు, జమ్మలమడుగు బస్సులు అన్నీ అక్కడ ఆగుతాయి. గండి గుడికి పోయే భక్తులు అక్కడే దిగి బస్సు మారతారు. స్వామి నన్ను పిలిచి ఒక మాట అన్నాడు.

"ఒక్క ఎండాకాలం నిలబెట్టప్పా. నిలబడిందంటే ఆ హోటల్లో నీకు వాటా. ఇంక నువ్వు జీతగానివి కాదు."

ఆ మాట ఇంటికి తీసుకుపోయి మా ఆవిడ తులసమ్మ ముందు పెట్టాను. వాటా వస్తే హోటలు సగం మనది, అక్కడే ఇల్లు తీసుకుందాం, పిల్లల్ని అక్కడే బడిలో వేద్దాం, మధ్యాహ్నం ఇంటికొచ్చి నీ చేతి అన్నం తింటాను అని ఊరించాను. ఆమె నా ముఖం చూసి, "అయినాక పిలువు, వస్తా," అంది. ఆమె, పిల్లలు ప్రొద్దుటూరులో ఉండిపోయారు. నేను పులివెందుల హోటలు వెనక గదిలో చాప వేసుకున్నాను. ఆ వాటా కోసమే ఆ ఎండాకాలం.

హోటలు పెరట్లో బావి ఉంది. అందులో నీళ్లకు కొదవ లేదు. రుచి మాత్రం, వంటలో వేరే ఉప్పు వేయనక్కర్లేనంత. ఆ నీళ్లలో కందిపప్పు పొద్దంతా కాచినా గింజ గింజగానే ఉంటుంది. కాఫీలో పాలు పోస్తే విరుగుతాయి. గిన్నెలు కడగడానికి తప్ప పనికిరావు. ఊరి బయట బసిరెడ్డి అనే రైతు బావిలో తియ్యనీళ్లు ఉన్నాయంటే అడగడానికి పోయాను. పెద్ద మనిషి, మాట తక్కువ. బావిలోంచి నీళ్లు తోడే కపిల లాగుతున్న ఎద్దుల్ని ఆపి నా మాట విన్నాడు.

"నీళ్లకు ఏమిమ్మంటావు రెడ్డీ?"

"నీళ్లకు దుడ్లు తీసుకునే కొంప కాదప్పా మాది. తోలుకపో."

ఎంత మంచి బేరం కుదిరిందనుకుంటూ తిరిగి వచ్చాను. అది బేరం కాదని తర్వాత తెలిసింది. డబ్బు తీసుకుని ఉంటే బేరమయ్యేది. తీసుకోలేదు కాబట్టి అది దయ. దయకు రసీదు ఇవ్వరు. రోజూ పొద్దున మాబు సాబు అనే బండి మనిషి పీపాల్లో నీళ్లు తోలేవాడు. మా వంట మాస్టరు పద్మనాభయ్య, స్వామి ఊరివాడే, ఆ నీళ్లతో పెట్టిన సాంబారు బస్సు ప్రయాణికులకు సంబరంగా ఉండేది. హోటలు నిలబడుతోందని నాకు నమ్మకం కుదిరింది.

రోడ్డు పక్క బల్ల

ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో మా వైపు హోటలు భోజనం పరాయి ఊరి వాళ్లకే. కాఫీకి, టిఫినుకు ఊళ్లోవాళ్లూ వచ్చేవాళ్లు, అది షోకు. ఆకు ముందు కూర్చుని అన్నం తిన్నాడంటే మాత్రం, ఆ మనిషి ఇంట్లో ఏదో చెడిందని ఊరికి చాటినట్టే. అట్లాంటివాళ్ల కోసం ప్రతి హోటల్లో లోపల ఒక తెర కట్టిన గది ఉండేది. పైన ఫ్యామిలీ రూము అని రాసేవాళ్లం. ఫ్యామిలీతో పడనివాళ్లే ఎక్కువగా అందులో కూర్చునేవాళ్లు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం బసిరెడ్డి తమ్ముడు ఓబులేసు వచ్చాడు. భోజనం కావాలన్నాడు. నేను అలవాటు ప్రకారం తెర ఎత్తి పట్టుకున్నాను.

"లోపల చల్లగా ఉంటాది, రా అప్పా."

"ఈడ ఏమైంది? గాలి బాగనే వస్తాంది," అని రోడ్డుకు ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాడు.

రోడ్డు మీద పోయే పెద్దాయన ఒకడు ఆగి మరీ పలకరించాడు. "ఏం ఓబులేసూ, మీ ఇంట్లో అగ్గిపెట్టె అయిపోయిందా?"

"అగ్గి శానా ఉండాది మామా. బువ్వే లేదు."

సంగతి ఏమిటో మాబు సాబు చెప్పాడు. ఓబులేసు బావికి ఆయిలింజను పెడదామంటాడు. బసిరెడ్డి కపిలే చాలు, ఇంజను పెడితే బావి అడుగు కనపడుతుందంటాడు. ఇద్దరూ అన్నం తింటూ వాదించుకున్నారు. "ఇంజను మాట ఎత్తేవాడు ఈ ఇంట్లో అన్నం మాట ఎత్తాకు," అన్నాడట అన్న. తమ్ముడు సగం అన్నంలో చేయి కడుక్కుని లేచి, తోటలో కొట్టానికి మకాం మార్చాడు. భార్య కాన్పుకు పుట్టింటికి పోయింది. వండి పెట్టే దిక్కు లేదు.

"ఆయప్పకు నువ్వు పెట్టే అన్నం అన్నం కాదు మేనేజరప్పా," అన్నాడు మాబు. "వాళ్లన్నకు పెట్టే కారం."

ఓబులేసు రోజూ వచ్చాడు. రోజూ అదే బల్ల. ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఊరు మొత్తానికి కనపడతాడు. అదే ఆయనకు కావలసింది. నేను ఆకు వేసి, వడ్డించమని చెప్పి, చూపు తిప్పుకునేవాణ్ణి. తినేవాణ్ణి ఎందుకు తింటున్నావని అడక్కపోవడం మా వృత్తి ధర్మం. ధర్మం అని పెద్ద మాట వాడాను గానీ, అసలు కారణం భయం.

తర్వాత బసిరెడ్డే వచ్చాడు. మెట్టు ఎక్కలేదు. ఎండలో వీధిలోనే నిలబడి, "మేనేజరప్పా, ఇట్ల రా," అని పిలిచాడు.

"నీడకు రా రెడ్డీ. కాఫీ తాగుదువు."

"కాఫీకి రాలే. మావోనికి అన్నం పెడతాండావంట."

"అందరికీ పెట్టినట్లే."

"వానికి పెట్టొద్దు."

ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"పస్తు పెట్టమంటాండా అనుకోవాకు. ఈడ దొరక్కుంటే ఇంటికొస్తాడు. వాళ్లొదిన దినామూ వాని కంచం కడిగి పెట్టుకోని వాకిట్లోకి చూస్తాంటాది. వానికి పెట్టందే ఆమె తినదు. ఆమె తినందే నాకు దిగదు."

"నేను ఒక మాట చెప్పి చూస్తా."

"నువ్వు చెప్పేది ఏం లేదు. పెడతావా, పెట్టవా?"

"వచ్చి కూర్చున్నోనికి లేదని యట్ల చెప్పేది రెడ్డీ? భోజనం తయార్ అని బోర్డు పెట్టుకుంటి."

"ఆ బోర్డుకు నీళ్లు యాడ్నుంచి వస్తాండాయో తెల్సుగదా," అని వెళ్లిపోయాడు.

సాంబారా, సముద్రమా

మరునాడు మాబు సాబు బండి తేలిగ్గా చప్పుడు చేసుకుంటూ వచ్చింది. ఖాళీ పీపాల చప్పుడు అది.

"రెడ్డి ఒక్క మాటే అన్న్యాడప్పా. ఎద్దులకు తాపుకో, పీపాలు ముంచాకు అన్న్యాడు."

మిగతా తియ్యనీళ్ల బావులు ఎండకు అడుగంటి ఉన్నాయి. నీళ్లున్న ఒకరిద్దరు, బసిరెడ్డి కాదన్నచోట మేము ఎట్లా ఇస్తామన్నారు. పద్మనాభయ్య పెరటి బావి నీళ్లతోనే పొయ్యి మీద అండా పెట్టాడు. కొంతసేపటికి గరిటె పట్టుకుని నా ముందుకు వచ్చాడు.

"మేనేజర్రే, సోడా వేస్తే పప్పు పాడు, వేయకుంటే పళ్లు పాడు. ఏది పాడు చేయాల చెప్పండి."

ఆ మధ్యాహ్నం ఓబులేసు వచ్చి కూర్చున్నాడు. మా పనిలో కాదనడానికి ఒక మర్యాదైన మాట ఉంది. "అయిపోయింది" అంటాం. అండా నిండా ఉన్నా అంటాం. ఆ ఒక్క మాట అంటే నా నీళ్లు నాకు, నా వాటా నాకు. గల్లా దగ్గర నుంచి లేచాను కూడా. ఈలోపే ఆయన ముందు ఆకు పడింది, నీళ్లు చల్లి తుడుచుకుంటున్నాడు. ఆకు వేశాక మనిషిని లేపిన హోటలు నేను చూడలేదు. దాన్ని ధైర్యం అనుకోవద్దు. నోరు రాలేదు, అంతే.

ఓబులేసు గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి, దించాడు.

"మా యన్న వచ్చినాడా?"

"వచ్చినాడు."

"ఏమన్న్యాడు?"

"నీకు పెట్టొద్దన్నాడు."

"మల్ల పెట్టినావే."

"నువ్వు ముందే కూర్చుంటివి."

ఆయన ఉడకని పప్పును కటకట నమిలి, ఉప్పునీళ్లు తాగి, చేయి కడుక్కుని పోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. పంతం అంటే పులివెందుల వాళ్లకు పళ్లెంలో పెట్టిన పదార్థం లాంటిది, కొరకగలరు.

ప్రయాణికులకు ఆ పంతం లేదు గదా. కాఫీ విరిగిపోయి గ్లాసులు అట్లాగే తిరిగి వచ్చేవి. కోస్తా వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "ఏమయ్యా, ఇది సాంబారా, సముద్రమా?" అన్నాడు. నేను నవ్వాను. నవ్వు కూడా ఉప్పగానే ఉండి ఉంటుంది. ఆకులు చదవనక్కర్లేకపోయింది, అన్నీ నిండుగానే లేచేవి. వడ్డించే వాళ్లలో ఒకడు ఊళ్లో పని ఉందని పోయి మళ్లీ రాలేదు. బస్సు డ్రైవర్లు మా ఎదుట ఆగడం మాని ముందుకు పోయి ఆగసాగారు. స్వామి ప్రొద్దుటూరు నుంచి కండక్టరు చేత మాట పంపాడు. "నీళ్లే నిలబెట్టుకోలేనోడు హోటలు ఏం నిలబెడతాడో కనుక్కో" అని.

మాబు సాబు ఖాళీ పీపా మీద కూర్చుని బీడీ వెలిగించి, సూటిగా అడిగాడు. "నీకు నీళ్లు కావాల్నా, ఆయప్ప కావాల్నా?"

"నాకు వాటా కావాల మాబూ," అన్నాను. ఆ రోజుల్లో నేను నిజం చెప్పింది అతనికి ఒక్కడికే.

తులసమ్మ మాట

ఎట్లాగూ తినేవాళ్లు లేరు కదా అని, ఒక రోజు పద్మనాభయ్యకు గల్లా అప్పజెప్పి ప్రొద్దుటూరు బస్సెక్కాను. తులసమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. నా గోడు మొత్తం చెప్పాను. అన్నను తిట్టాను, తమ్ముణ్ణి తిట్టాను, స్వామిని కొంచెం తిట్టాను. ఆమె చేట ఆపకుండా విని, చివరికి ఒక మాట అంది.

"ఇల్లుండి హోటల్లో తినేవాడు ఇంకొకడు నాకు తెల్సు."

"ఎవరు?"

"నా ఎదురుగ్గా కూర్చోనుండాడు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నవ్వేదేముంది. నేనూ దినామూ కంచం కడిగి పెడతానే ఉంటిని, నువ్వు ఈ ఊర్లో ఉన్నెప్పుడు గూడా. ఆ యమ్మ తరఫున అడిగేదానికి మొగుడు పోయినాడు హోటలు కాడికి. నా తరఫున యెవురు పోవాల?"

నేను పొద్దస్తమానం మాటలతో బతికేవాణ్ణి. వచ్చినవాణ్ణి పలకరించడం, కోపంగా ఉన్నవాణ్ణి చల్లబరచడం నా వృత్తి. ఆ పూట ఒక్క మాట కూడా అందలేదు. హోటలుకు కట్టుబడి ఉన్నానని అన్నేళ్లూ గర్వపడ్డాను. కట్టుబడి ఉండటానికీ కట్టేసి ఉండటానికీ తేడా నాకు ఆ చేట ముందు అర్థమైంది.

బియ్యం పోసి, రాళ్లు పారేసి వచ్చాక తులసమ్మే మళ్లీ అంది. "ఆ రెడ్డికి చెప్పు. తమ్ముడు ఇంటికి రాకుంటే, కంచమన్నా తమ్ముని కాడికి పంపమను. యాడ తిన్యా ఇంటి కంచంలో తిన్యాడనిపిచ్చుకుంటాడు."

తిరిగి వచ్చిన మర్నాడే బావి దగ్గరికి పోయి ఆ మాట బసిరెడ్డితో చెప్పాను. ఆయన కపిల తాడు సర్దుతూ విన్నాడు.

"ఇది నీ బుద్ధి కాదే."

"కాదు. మా ఇంటామె మాట."

"హోటలు నడుపుకోప్పా. ఇండ్లు నడపాకు," అని ఎద్దుల్ని అదిలించాడు. ఇంక నీళ్లూ లేవు, వాటా లేదు అనుకుని వచ్చేశాను.

ఇద్దరికి భోజనం

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఓబులేసు తన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆకు పడింది, ఇంకా వడ్డన మొదలుకాలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తలెత్తితే బసిరెడ్డి. గడప దాటి లోపలికి వచ్చాడు. కండువా మడతలో ఏదో ఉంది. తీసి బల్ల మీద పెట్టాడు. కంచు కంచం. తోమి తోమి అంచు పలచబడిన పాత కంచం. ఓబులేసు దాన్ని చూసి కళ్లు దించుకున్నాడు.

"వానికి ఆకులో వద్దు. దీంట్లో పెట్టు," అన్నాడు బసిరెడ్డి నాతో. తర్వాత తమ్ముడి ముందున్న ఆకును తన వైపు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "నాకు ఈ ఆకు చాలు."

వడ్డించేవాళ్లు నా వైపు చూశారు. నేనే లేచి బకెట్టు అందుకున్నాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఒక్కొక్కరే నిలబడుతున్నారు. అన్నదమ్ములిద్దరూ కలిసి తిన్నారు. పప్పు గింజలు నమిలే చప్పుడు గల్లా దాకా వినపడింది. చివరికి బసిరెడ్డి ఒక పప్పు గింజను వేలితో నొక్కి చూశాడు.

"ఏందప్పా, బ్యాళ్లు ఉడకలేదే?"

నేను బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. "ఉప్పునీళ్లు రెడ్డీ."

ముందు నవ్వింది ఓబులేసు. నోట్లో అన్నం ఉండగానే నవ్వి, పొలమారి, దగ్గాడు. బసిరెడ్డి గ్లాసు తమ్ముడి వైపు జరపబోయి, ఆ నీళ్లు ఏమిటో గుర్తొచ్చి ఆగిపోయాడు. అప్పుడు ఆయన మీసాలూ కదిలాయి.

"ఇంజను చప్పుడుకు ఎద్దులు బెదురుతాయిరా," అన్నాడు కొంతసేపయ్యాక.

"అలవాటు చేస్తాలే."

"బాయి ఎండితే?"

"ఎండితే ఈడికే వచ్చి తిందాం. ఇద్దరం."

తిని లేచారు. కంచం కడిగి ఇస్తానని మా మనిషి చేయి చాపితే బసిరెడ్డి ఇవ్వలేదు. "వద్దు. వాళ్లొదిన చూడాల," అన్నాడు. అన్నం మెతుకులు అంటిన కంచాన్ని అట్లాగే కండువాలో చుట్టి తమ్ముడి చేతికి ఇచ్చాడు. ఇద్దరూ ఎండలో నడిచిపోయారు. నేను వెనక్కి వచ్చి బసిరెడ్డి ఆకు చూశాను. ఉడకని పప్పు గింజ ఒక్కటి కూడా మిగల్లేదు.

ఆ టై కట్టుకున్న అబ్బాయి అడిగిన తృప్తి నాకు ఎప్పుడైనా కలిగి ఉంటే, ఆ ఆకు ముందే. దానికి జీతం పెరగదు. అది రోజూ దొరకదు. దొరికినప్పుడు వంగి చూసే తీరిక ఉండాలి, అంతే.

మర్నాటి పొద్దున మాబు సాబు బండి బరువుగా, చప్పుడు లేకుండా వచ్చింది.

వాటా, బాట

హోటలు నిలబడింది. శ్రావణమాసంలో గండికి పోయే జనం శనివారాలు మెట్ల దాకా నిలబడి తిన్నారు. స్వామి స్వయంగా వచ్చి చూసి, కాఫీ తాగి, నా భుజం మీద చేయి వేశాడు. వెంట ఆయన చెల్లెలి కొడుకు వచ్చాడు. నాజూకైన మనిషి, కుర్చీ తుడిచి గానీ కూర్చోడు.

"ఈడ వీనికి వాటా ఇస్తాండానప్పా. నువ్వు జమ్మలమడుగు హోటలు చూసుకో. ఆడ శానా పాడైంది."

"స్వామీ, ఆ మాట నాకు గదా చెప్పింది?"

"నీకా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు ఇంటి మనిషివి. ఇంటి మనిషికి వాటా ఏందికి? వీడంటే యాడికన్నా పోతాడు, కట్టేసుకోవాల. నువ్వు యాడికి పోతావు?"

కోపంగా చెప్పలేదు. ప్రేమగా చెప్పాడు. అదే నన్ను ఎక్కువ అలసిపోయేట్టు చేసింది. కోపంగా అని ఉంటే జవాబు చెప్పేవాణ్ణి. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. పోడని తెలిసినవాడికి ఎవరూ ఏమీ ఇవ్వరు. పోతాడని అనుమానం ఉన్నవాడికే అన్నీ ఇస్తారు. నమ్మకంగా ఉండొద్దని చెప్పను. నమ్మకంగా ఉన్నామనే సంగతి యజమానికి మరీ అంత స్పష్టంగా తెలియనివ్వకండి. నేను వాటా అడిగితే ఆయన బాట చూపించాడు. ఆ బాటనే పోయాను కూడా. వేరే పని రాదు మరి.

కాకపోతే పోయే ముందు ఒకటి అడిగాను.

"పోతా స్వామీ. జమ్మలమడుగులో మధ్యాహ్నం రద్దీ తగ్గినాక, దినామూ ఇంటికి పోయి తినొస్తా. హోటల్లో మిగిలింది ఇంక నేను తినను."

ఆయన కాసేపు ఎదురు చూశాడు, ఇంకా ఏదో అడుగుతానని. "ఇంతేనా?"

"ఇంతే."

"ఓస్, దానికేం," అన్నాడు. ఆయన ముఖంలో పెద్ద బరువు దిగింది. అన్నేళ్ల ఉద్యోగంలో నేను నోరు తెరిచి అడిగి తెచ్చుకున్నది అదొక్కటే. ఇంకొంచెం ఎక్కువ అడగాల్సిందని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఏమి అడగాల్సిందో మాత్రం తోచదు.

జమ్మలమడుగులో హోటలు వెనక సందులో ఇల్లు తీసుకున్నాను. తులసమ్మను పిలిచాను. "అయినాక పిలవమంటిని. ఏమైంది?" అంది. "ఏమీ కాలేదు," అన్నాను. మూటలు కట్టుకుని, పిల్లల్ని తీసుకుని వచ్చింది.

మొదటి మధ్యాహ్నం ఇంటికి పోయేసరికి పీట వేసి ఉంది. కూర్చున్నాను. అన్నం, పప్పు, చెనిక్కాయ పొడి పెట్టింది. అలవాటు చొప్పున గబగబా తింటున్నాను, ఒక చెవి సందు వైపు పెట్టి. సగంలో ఉండగా బస్సు హారను వినపడింది. నాకు తెలియకుండానే మోకాలు పైకి లేచింది.

"యాడికి?"

"బస్సు వచ్చినట్లుండాది."

"రానీ. మజ్జిగ పోయలేదింకా."

హారను మళ్లీ మోగింది. అది మా హోటలు ముందే. దిగినవాళ్లు బల్లల కోసం వెతుక్కుంటూ ఉంటారు, గల్లా దగ్గర ఎవరూ ఉండరు. తులసమ్మ కుండలో గరిటె ముంచి, నా ముఖం కేసి చూస్తూ అట్లాగే పట్టుకుంది.

మోకాలు దించి, కంచం ముందుకు జరిపాను.